పీఎఫ్ వడ్డీ హలాలా, హరామా? తప్పనిసరి కోతనూ మనం కోరుకున్న కోతనూ వేరు చేసి చూడాలి

వ అలైకుముస్సలామ్ సోదరా,

మీరు అడిగింది ముందు క్లుప్తంగా రాస్తాను, మిగతావాళ్లకూ సంగతి తెలుస్తుంది. మీరు హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో చేస్తున్నారు. బేసిక్ 40,000 రూపాయలు. నెలనెలా పీఎఫ్ కింద 4,800 కోస్తున్నారు, కంపెనీ కూడా అంతే వేస్తోంది. ఇది కాక 2023 ఏప్రిల్ నుంచి హెచ్.ఆర్. వాళ్లు చెప్పారని ఇంకో 5,000 వీపీఎఫ్‌కు (మన ఇష్టంతో అదనంగా కట్టే పీఎఫ్) రాసిచ్చారు. మీ నాన్నగారేమో పీఎఫ్ వడ్డీ తప్పు కాదని ముఫ్తీ సాబ్ చెప్పారంటున్నారు. గల్ఫ్‌లో పనిచేసి వచ్చిన మీ స్నేహితుడేమో ఒక్క రూపాయి కూడా ముట్టుకోకూడదంటున్నాడు. మీ భార్య ప్రభుత్వ టీచర్, ఆమె జీతంలో సీపీఎస్ (ఉద్యోగి వాటాతో నడిచే పెన్షన్ పథకం) కోత ఉంది. ఏది తీసుకోవాలి, ఏది వదలాలి, జకాత్ (ఏటా తప్పనిసరిగా ఇవ్వాల్సిన దానం) ఎలా ఇవ్వాలి అన్నది మీ టెన్షన్.

నేను ముఫ్తీని కాను. జీతాల విభాగంలో చాలా ఏళ్లు చేశాను, ఈ కోతలన్నీ నా చేతి మీదుగా వెళ్లినవే. పే స్లిప్పులు పట్టుకుని ఉలమా (మత పండితులు) దగ్గర కూర్చుని అడిగి తెలుసుకున్నదే రాస్తున్నాను. మీ విషయంలో తీర్పు చెప్పాల్సింది మీరు నమ్మే దారుల్ ఇఫ్తా (ఫత్వాలు, అంటే మత తీర్పులు ఇచ్చే చోటు). వాళ్ల దగ్గరకు వెళ్లేటప్పుడు ఏ కాగితాలు తీసుకెళ్లాలో, ఏం అడగాలో తెలిస్తే జవాబు సరిగ్గా వస్తుంది. చాలామంది "పీఎఫ్ హలాలేనా?" అని ఒక్క ముక్క అడిగేసి, వచ్చిన జవాబును వీపీఎఫ్‌కూ, సొసైటీ పొదుపుకూ అన్నింటికీ పూసేసుకుంటారు. గందరగోళం అక్కడే మొదలవుతోంది.

నా జవాబు ఇది. మీ ఇష్టంతో పని లేకుండా కోసిన డబ్బు మీద కలిపే మొత్తాన్ని మన ఉపఖండంలోని హనఫీ (సున్నీ ధర్మశాస్త్ర సంప్రదాయాల్లో ఒకటి) ముఫ్తీలలో ఎక్కువమంది ధర్మసమ్మతం అంటారు. మీరు కోరి కట్టిన వీపీఎఫ్ మీద వచ్చే వడ్డీని మాత్రం తినకండి. ఆ కోతను వీలైనంత త్వరగా ఆపేయండి.

ఇక కారణాలు. వడ్డీ హరామ్ అన్నదాంట్లో ఎవరికీ రెండో మాట లేదు. అల్లాహ్ వ్యాపారాన్ని అనుమతించాడు, వడ్డీని నిషేధించాడు అని బఖరా సూరా 275వ ఆయతులో ఉంది. అదే సూరాలో 278, 279 ఆయతులు ఇంకా గట్టివి. మిగిలి ఉన్న వడ్డీని వదిలేయకపోతే అల్లాహ్‌తోనూ ఆయన ప్రవక్తతోనూ యుద్ధమేనని హెచ్చరించి, పశ్చాత్తాపపడితే మీ అసలు మీకే చెందుతుందనీ, మీరు ఎవరికీ అన్యాయం చేయకూడదు, మీకూ అన్యాయం జరగకూడదనీ చెప్పాయి. వడ్డీ తినేవాడినీ, ఇచ్చేవాడినీ, దాన్ని రాసేవాడినీ, సాక్షులిద్దరినీ దైవప్రవక్త (స) శపించారనీ, వాళ్లంతా సమానమేనన్నారనీ జాబిర్ (రజి) చెప్పిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. చివరి హజ్ ప్రసంగంలో పాత వడ్డీలన్నింటినీ రద్దు చేసినప్పుడు ఆయన మొట్టమొదట రద్దు చేసింది సొంత బాబాయి అబ్బాస్ (రజి)కు రావాల్సిన వడ్డీనే. బ్యాంకు వడ్డీ కూడా ఈ నిషేధంలోదేనని 1985లో జిద్దాలో జరిగిన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ సమావేశం తీర్మానించింది. కాబట్టి పీఎఫ్ వడ్డీని అనుమతించే ముఫ్తీలు వడ్డీ విషయంలో మెత్తబడ్డారని ఎవరైనా అంటే నమ్మకండి. తప్పనిసరి కోత మీద వచ్చేది అసలు రిబా (నిషేధించిన వడ్డీ) కిందికి రాదన్నది వాళ్ల వాదన.

ఆ వాదన ఎలా నడుస్తుందో చూడండి. రిబా అవ్వాలంటే ముందు ఆ డబ్బు మీది అయి ఉండాలి. దాన్ని మీరు ఇంకొకరికి అప్పుగా ఇచ్చి ఉండాలి. ఆ అప్పుకు బదులుగా, ముందే ఒప్పుకున్న అదనం రావాలి. హనఫీ ఫిఖ్ (ధర్మశాస్త్రం) ప్రకారం చేసిన పనికి జీతం మీద ఉద్యోగికి హక్కు ఏర్పడుతుంది గానీ, చేతికి అందేదాకా అది అతని సొంతం కాదు. తప్పనిసరి కోతలో ఆ 4,800 మీ చేతికి రానే లేదు. ఇవ్వాలా వద్దా అని మిమ్మల్ని అడగలేదు. మీది కాని డబ్బును మీరు అప్పు ఎలా ఇస్తారు? కాబట్టి కోసిన మొత్తం, కంపెనీ వేసే వాటా, ఏడాది చివర కలిపే మొత్తం, మూడూ కలిసి మీకు ఆలస్యంగా అందే జీతంగానో, పై నుంచి ఇచ్చే బహుమానంగానో లెక్కలోకి వస్తాయి. పాస్‌బుక్‌లో దాన్ని వడ్డీ అని రాసినంత మాత్రాన తీర్పు మారదు. ముఫ్తీ ముహమ్మద్ షఫీ సాహెబ్ ఈ విషయం మీదే ప్రత్యేకంగా ఒక చిన్న గ్రంథం రాశారు. ఆయన దేవ్‌బంద్‌లో ముఫ్తీగా పనిచేసి, తర్వాత పాకిస్తాన్ వెళ్లినవారు. మీ నాన్నగారికి ముఫ్తీ సాబ్ చెప్పిన మాట ఈ దారిలోదే అయి ఉంటుంది.

అయితే ఆ ఫత్వాలోనే రెండు షరతులున్నాయి, వాటిని చాలామంది వదిలేస్తారు. ఒకటి, ఉద్యోగి తన ఇష్టంతో కోయించుకున్న డబ్బు మీద వచ్చే అదనంలో వడ్డీ పోలిక ఉంది, దాన్ని వడ్డీ తినడానికి సాకుగా వాడుకునే ప్రమాదం కూడా ఉంది కాబట్టి తీసుకోకూడదు, తీసుకుంటే పేదలకు ఇచ్చేయాలి. రెండోది, ఉద్యోగి తానే చెప్పి ఆ ఫండ్‌ను బీమా కంపెనీ లాంటి మరో సంస్థకు మార్పించుకుంటే, ఆ సంస్థ అతని తరఫున డబ్బు చేతిలోకి తీసుకున్నట్టే. ఇక అక్కడ వచ్చే అదనం అచ్చమైన వడ్డీ.

ఈ రెండో షరతు దగ్గర మీకు సందేహం రావాలి. ఎందుకంటే మన దేశంలో పీఎఫ్ డబ్బు కంపెనీ దగ్గర ఉండదు, ఈపీఎఫ్‌వోకు (పీఎఫ్‌ను నడిపే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వెళుతుంది. మరి ఈపీఎఫ్‌వో మూడో సంస్థే కదా? అనుమతించే ఉలమా జవాబు ఏమిటంటే, దానికి డబ్బు పంపమని మీరు చెప్పలేదు, 1952 నాటి చట్టం కంపెనీ మెడ మీద పెట్టిన బాధ్యత అది. మీరు నియమించని సంస్థ మీ ప్రతినిధి కాలేదు. నాకు ఈ జవాబు సబబుగానే అనిపిస్తుంది. కానీ పూర్తిగా ఎదురులేని జవాబు అని మాత్రం అనను.

ఎదురు వాదన చేసేవాళ్లు తక్కువవాళ్లు కాదు. అరబ్ దేశాల ఉలమాలో చాలామంది, మన దగ్గర అహ్లె హదీస్ ఉలమాలో చాలామంది ఇలా అంటారు: ఖాతా మీ పేరు మీద ఉంది, ఉద్యోగం మారినా మీ వెంటే వస్తుంది, ఎంత జమ అయిందో ఏ రోజైనా చూసుకోవచ్చు, అసలుకు భద్రత ఉంది, ఏటా ఇంత శాతం అని రేటు ప్రకటిస్తారు. ఇది మీ డబ్బు కాదంటే ఎలా? బలవంతంగా కోశారు కాబట్టి అందులో చేరినందుకు మీకు పాపం లేదు. కానీ మీకు చెందేది మీ వాటా, కంపెనీ వాటా మాత్రమే. పై వడ్డీ పేదలకు వెళ్లాలి. "మీ అసలు మీకే" అన్న ఆయతును వాళ్లు ఇక్కడ ముందు పెడతారు. మీ స్నేహితుడి మాటకు ఆధారం ఇదే. ఆయన తొందరపడి అన్న మాట కాదు, గౌరవించండి.

ఈ చర్చలో ఒక బలహీనమైన వాదన తరచుగా వినిపిస్తుంది, దాన్ని పట్టుకోకండి. "ఈపీఎఫ్‌వో షేర్లలో పెడుతుంది కదా, కాబట్టి అది వ్యాపార లాభం" అంటారు. ఈపీఎఫ్‌వో 2015 నుంచి ఈటీఎఫ్‌ల (షేర్ల సూచీని అనుసరించే ఫండ్ల) ద్వారా షేర్లలో పెడుతున్న మాట నిజమే. మొదట్లో కొత్తగా వచ్చే డబ్బులో 5 శాతం, తర్వాత 15 శాతం దాకా. కానీ మిగతా పెద్ద భాగం ప్రభుత్వ సెక్యూరిటీలూ బాండ్లే, వాటి మీద వచ్చేది వడ్డీయే. పైగా లాభనష్టాల్లో మీకు వాటా లేదు, ప్రకటించిన రేటే మీకు వస్తుంది. 2023-24కూ, 2024-25కూ అది 8.25 శాతం. దీన్ని వ్యాపార లాభం అనుకుని ఊరట చెందడం మనల్ని మనం మోసం చేసుకోవడమే. తప్పనిసరి కోతకు అనుమతి ఇచ్చిన ఉలమా కూడా ఈ దారిలో వెళ్లలేదు.

"దైవప్రవక్త (స) అప్పు తీర్చేటప్పుడు కొంచెం ఎక్కువే ఇచ్చేవారు కదా" అని ఇంకొందరు అంటారు. జాబిర్ (రజి)కు అలా ఎక్కువిచ్చిన సంగతి హదీసుల్లో ఉంది. అయితే అది ముందు అనుకోకుండా, అప్పు తీర్చేవారు తన మంచితనంతో ఇచ్చింది. వీపీఎఫ్‌లో చేరే మనిషి రేటు చూసుకుని మరీ చేరుతున్నాడు. రెంటికీ పోలిక కుదరదు.

ఇప్పుడు మీ పే స్లిప్ దగ్గరకు వద్దాం. "తప్పనిసరి" అంటే ఏది? ఇక్కడే జీతాల విభాగం సంగతులు తెలియాలి. పీఎఫ్‌కు చట్టంలో పెట్టిన జీతం పరిమితి చాలా ఏళ్లుగా 15,000. దాని మీద 12 శాతం అంటే 1,800. మీ బేసిక్ 40,000 కాబట్టి కంపెనీ తలుచుకుంటే 1,800 మాత్రమే కోయొచ్చు. మీకు 4,800 కోస్తున్నారంటే పూర్తి బేసిక్ మీద కోస్తున్నట్టు. ఈ అదనపు 3,000 ఎవరి ఇష్టంతో పోతోంది? చేరిన ప్రతి ఉద్యోగికీ పూర్తి బేసిక్ మీదే కోయాలన్నది కంపెనీ నియమమైతే, మిమ్మల్ని అడగలేదు కాబట్టి అది కూడా మీ విషయంలో తప్పనిసరే. అలా కాకుండా చేరిన రోజు "1,800 కావాలా, పూర్తి 12 శాతం కావాలా" అని ఫారం ఇస్తే మీరు రెండోది టిక్ పెట్టారా? అప్పుడు ఆ 3,000 పేరుకు పీఎఫ్ అయినా, తీర్పులో వీపీఎఫ్ పక్కన చేరుతుంది. చాలా కంపెనీల్లో ఇలా ఎంచుకునే వీలు ఉంటుంది. మీ ఆఫర్ లెటర్, జాయినింగ్ కాగితాలు తీసి చూడండి. ముఫ్తీ సాబ్ దగ్గరకు వెళ్లినప్పుడు ముందు చెప్పాల్సిన సంగతి ఇదే.

ఇంకో సూక్ష్మం కూడా ఉంది. అంతకుముందు ఎక్కడా పీఎఫ్ లేకుండా, 15,000 కంటే ఎక్కువ బేసిక్‌తో మొదటిసారి ఉద్యోగంలో చేరేవాళ్లకు పీఎఫ్‌లోనే చేరకుండా ఉండే వీలుంది. ఫారం 11లో ఆ వివరం రాసిస్తారు. ఒకసారి సభ్యుడయ్యాక మాత్రం బయటకు రాలేరు. చదువు ముగించి ఇప్పుడే ఉద్యోగంలోకి వస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇది ఎవరైనా చదువుతుంటే, ఆ ఫారం మీద సంతకం పెట్టే ముందే ఆలిమ్‌ను అడగండి. తర్వాత అడిగినా చేతిలో ఏమీ ఉండదు.

మీరు ఎంచుకున్నందువల్ల కంపెనీ కూడా 4,800 వేస్తుంటే, కంపెనీ వేసే ఆ వాటా గురించి దిగులు వద్దు. అది యజమాని తన జేబులోంచి ఇచ్చేది, జీతంలో భాగమే. మీ కోత ఐచ్ఛికమైనా కంపెనీ వాటా రిబా అవదు. గొడవంతా వడ్డీ గడిలో పడే మొత్తం గురించే. మీరు పెన్షన్ పథకంలో కూడా సభ్యులైతే కంపెనీ 4,800లోంచి 1,250 అటు పోయి, పీఎఫ్‌లో 3,550 పడుతుంది. ఆ పెన్షన్ సర్వీసు, జీతాల సూత్రం మీద వచ్చేది, దాని మీద మీకు వడ్డీ జమ కాదు. గ్రాట్యుటీ అంతకన్నా సులువు, చేసిన సర్వీసుకు యజమాని ఇచ్చే మొత్తం, అందులో సందేహమే లేదు.

ఇక వీపీఎఫ్. హెచ్.ఆర్. వాళ్లు దాన్ని ఎందుకు చెప్పారో నాకు తెలుసు. బ్యాంకు ఎఫ్.డి. కంటే రేటు ఎక్కువ, పన్ను కలిసొస్తుంది, డబ్బు భద్రం. వాళ్లు మంచి చేద్దామనే చెబుతారు. కానీ మన లెక్కలో చూస్తే, ఆ 5,000 మీ చేతికి వచ్చేదే. మీరే రాసిచ్చి, రేటు చూసుకుని, అటు మళ్లించారు. మీ నాన్నగారి ఫత్వా ఇక్కడికి రాదు. మీ స్నేహితుడు అనుసరించే ఉలమా, మీ నాన్నగారు అనుసరించే ఉలమా ఇద్దరూ దీన్ని తినొద్దనే చెబుతారు. ఇంత భేదాభిప్రాయంలో ఇద్దరూ ఒక్క మాట మీద ఉన్న చోటు ఇది, కాబట్టి ఇక్కడ సాకులు వెతక్కండి.

దీని లెక్క ఎలా తీయాలో చెబుతాను, ఎందుకంటే పాస్‌బుక్‌లో వీపీఎఫ్ విడిగా కనిపించదు, ఉద్యోగి వాటాలోనే కలిసిపోయి ఉంటుంది. పీఎఫ్ వడ్డీని నెలవారీ నిల్వ మీద లెక్కగట్టి, ఏడాదికోసారి కలుపుతారు. ఏప్రిల్‌లో జమ అయిన మొదటి 5,000కు ఆ ఆర్థిక సంవత్సరంలో 11 నెలల వడ్డీ వస్తుంది, మే నెలదానికి 10 నెలలు, అలా తగ్గుతూ మార్చిలో జమ అయినదానికి ఏమీ రాదు. మొత్తం కలిపితే 5,000 మీద 66 నెలల వడ్డీ. 8.25 శాతం చొప్పున 2023-24కు సుమారు 2,269 రూపాయలు. రెండో ఏడాది మొదట్లో నిల్వ 62,269. దాని మీద పూర్తి ఏడాదికి 5,137, కొత్తగా కట్టిన 60,000 మీద మళ్లీ 2,269, కలిపి 7,406. అంటే మొదటి రెండేళ్లకు మీరు వదులుకోవాల్సింది సుమారు 9,675 రూపాయలు. వడ్డీ మీద వడ్డీ కూడా ఇందులోకి వచ్చేసింది, గమనించండి. తర్వాతి ఏళ్లకు ఆ ఏడాది రేటు పెట్టి ఇలాగే చేసుకుంటూ పోండి. మీ మొదటి కోత ఏ నెలలో జమ అయిందో పే స్లిప్పుతో సరిచూసుకోండి, ఒక నెల అటూ ఇటూ అయితే లెక్క కొంచెం మారుతుంది. అనుమానం ఉన్న చోట కొద్దిగా ఎక్కువే వేసుకోండి.

ఆ డబ్బు ఇంకా మీ చేతికి రాలేదు కాబట్టి ఈ రోజే ఇచ్చేయాలన్న కంగారు వద్దు. కానీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, ఇంట్లోవాళ్లకు చెప్పండి, వసీయతులో (వీలునామాలో) కూడా రాయండి. రేపు మీకు ఏదైనా అయితే ఆ మొత్తమంతా వారసుల చేతికి కలిసే వస్తుంది. అందులో ఎంత వడ్డీయో పాస్‌బుక్ చూసి వాళ్లు తేల్చుకోలేరు. ఇది చెప్పేటప్పుడే ఇంకో మాట. నామినీగా మీ భార్య పేరు రాసి ఉంటారు. ఆఫీసు డబ్బు ఆమె చేతికి ఇస్తుంది, అంతవరకే. షరీఅత్ ప్రకారం ఆ సొమ్ము నిసా సూరా 11, 12 ఆయతుల్లో చెప్పిన వాటాల ప్రకారం మీ తల్లిదండ్రులకూ పిల్లలకూ కూడా వెళ్లాలి. ఇది కుటుంబంలో ముందే చెప్పి ఉంచకపోవడం వల్ల మనస్పర్థలు వచ్చిన ఇళ్లను చాలా చూశాను.

డబ్బు చేతికి వచ్చాక వడ్డీ భాగాన్ని పుణ్యం వస్తుందన్న ఉద్దేశం లేకుండా, దాన్ని వదిలించుకుంటున్నానన్న ఉద్దేశంతో పేదలకు ఇవ్వాలి. భార్యాపిల్లలకూ, తల్లిదండ్రులకూ ఇవ్వకూడదు. జకాత్ బాకీని దాంతో తీర్చకూడదు. మసీదు మరుగుదొడ్లకు వాడొచ్చని జనంలో ఒక మాట ఉంది, కానీ అవసరంలో ఉన్న మనిషి చేతిలో పెట్టడం ఎవరూ కాదనని దారి. ప్రభుత్వ బ్యాంకు నుంచి వచ్చిన వడ్డీని ఆదాయపు పన్ను కట్టడానికి వాడుకోవచ్చని కొందరు హనఫీ ముఫ్తీలు చెబుతారు, ప్రభుత్వానిది ప్రభుత్వానికే తిరిగి ఇచ్చినట్టని. మీరు ఆ దారి పట్టకండి అనే నా సలహా. అది ఇరుకున పడ్డవాడికి చెప్పిన మాట, మీకు ఆ ఇబ్బంది లేదు.

జకాత్ సంగతి. తప్పనిసరి పీఎఫ్ మీద, అది చేతికి వచ్చేదాకా జకాత్ లేదని, వచ్చాక కూడా గడిచిన ఏళ్లది ఇవ్వనక్కర్లేదని ఇమామ్ అబూ హనీఫా (రహ్) మాట ఆధారంగా ఫత్వా ఇస్తారు. వచ్చాక మాత్రం, మీరు అప్పటికే నిసాబ్ ఉన్నవారైతే, మీ మామూలు జకాత్ తేదీన మిగతా సొమ్ముతో కలిపి లెక్కేసి 2.5 శాతం ఇవ్వాలి. ఆ సొమ్ముకు విడిగా ఏడాది నిండాల్సిన పని లేదు. నిసాబ్ అంటే జకాత్ తప్పనిసరయ్యే కనీస ఆస్తి, మన దగ్గర వెండి లెక్కన యాభై రెండున్నర తులాలు, అంటే 612.36 గ్రాముల విలువ. వీపీఎఫ్ అసలు మీద మాత్రం ఏటా జకాత్ ఇస్తూ పోవడం జాగ్రత్త, ఎందుకంటే అది మీ డబ్బే, మీరే అక్కడ పెట్టారు. మీకైతే రెండేళ్లకు అసలు 1,20,000, ఆ తర్వాత కట్టింది దాని పైన. వీపీఎఫ్ వడ్డీ మీద జకాత్ ఉండదు, అది మొత్తం వెళ్లిపోవాల్సిందే కదా.

మీ భార్య సీపీఎస్ గురించి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1 నుంచి చేరిన రాష్ట్ర ఉద్యోగులకు ఇది వచ్చింది. బేసిక్, డీఏ మీద 10 శాతం కోత, ఆమె అడిగింది కాదు, ఆపించుకోగలిగింది కాదు. అందులో ఉన్నందుకు ఆమెకు తప్పు లేదు. కానీ పీఎఫ్ ఫత్వాను దీనికి ఉన్నదున్నట్టు అతికించకండి. ఇక్కడ రేటు ప్రకటించి వడ్డీ కలపరు. డబ్బు ఫండ్ మేనేజర్ల దగ్గర యూనిట్లుగా ఉంటుంది, వాటి విలువ పెరుగుతుంది, తగ్గుతుంది. ఆ యూనిట్ల వెనక కొంత షేర్లు, ఎక్కువ భాగం ప్రభుత్వ సెక్యూరిటీలు, బాండ్లు. పైగా చివర్లో కొంత భాగంతో బీమా కంపెనీ దగ్గర యాన్యుటీ (క్రమంగా పెన్షన్ ఇచ్చే పాలసీ) కొనాలి. కాబట్టి ఆమె ప్రాన్ (పెన్షన్ ఖాతా నంబరు) స్టేట్‌మెంట్ తీసుకెళ్లి విడిగా అడగండి. ఒకటి మాత్రం ఇప్పుడే చెప్పగలను. పన్ను మినహాయింపు కోసమని ఏటా అదనంగా 50,000 ఎన్‌పీఎస్‌లో (జాతీయ పెన్షన్ పథకం) కట్టమని ఆమెకు ఎవరైనా చెబితే, అది తప్పనిసరి కాదు, కట్టొద్దు.

స్టాఫ్ రూముల్లో నడిచే ఉద్యోగుల పొదుపు సొసైటీ విషయమూ అంతే. జీతంలోంచే కోస్తారు కాబట్టి పీఎఫ్ లాంటిదే అనుకుంటారు. చేరడం స్వేచ్ఛగా జరుగుతుంది, సభ్యులకు వడ్డీకి అప్పులిస్తారు, ఆ వడ్డీలోంచే పొదుపుదారులకు పంచుతారు. అందులో ఉంటే బయటకు రండి.

ప్రభుత్వ నిబంధనల్లో మీకు పనికొచ్చే ఒక విషయం ఉంది, చాలామందికి తెలియదు. నాకు వడ్డీ వద్దు అని సభ్యుడు రాసిస్తే అతని ఖాతాలో వడ్డీ వేయకూడదని ఈపీఎఫ్ పథకంలోనే ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల జీపీఎఫ్ (జనరల్ ప్రావిడెంట్ ఫండ్) నియమాలు, 1960లో అయితే ముస్లిం చందాదారుల పేరుతోనే ఈ వీలు రాశారు. తర్వాత మనసు మారి అడిగితే, అడిగిన ఆ ఏడాది మొదటి రోజు నుంచి మళ్లీ వేస్తారు. మీ స్నేహితుడు చెప్పిన అభిప్రాయమే సరైనదని మీ మనసుకు తోస్తే, ఇలా రాసివ్వడం ఒక దారి. కానీ నేనైతే రాసివ్వమని చెప్పను. ఆ డబ్బు తీసుకుని అవసరంలో ఉన్నవాళ్లకు ఇస్తే ఒక కుటుంబానికి మందుల ఖర్చో, ఫీజో తీరుతుంది. పైగా ఇలా రాసిస్తే మీ ఖాతా మొత్తానికి వర్తిస్తుంది, వీపీఎఫ్‌కు విడిగా చేయలేరు.

రెండు అభిప్రాయాల్లో ఏది అన్నది మీరు తేల్చుకోవాల్సిందే. ఇన్నేళ్లుగా నమాజుకూ, జకాత్‌కూ, నికాహ్‌కూ ఏ ఆలిమ్‌ను అడుగుతున్నారో ఇక్కడా ఆయన్నే అడిగి ఆ మాట మీద ఉండండి. వడ్డీ వచ్చిన ఏడాది ఒక ముఫ్తీ, జకాత్ పడిన ఏడాది ఇంకో ముఫ్తీ అన్నట్టు మాత్రం చేయొద్దు. పీఎఫ్ నా చేతికి రాలేదు కాబట్టి జకాత్ లేదు అన్న మనిషే, అది నాదే కాబట్టి ఇంటి లోనుకు హామీగా చూపిస్తా అనడం నేను విన్నాను.

వీపీఎఫ్ ఆపేందుకు మీ హెచ్.ఆర్.కు ఈ వారమే మెయిల్ పెట్టండి. కొన్ని కంపెనీలు ఏడాది మొదట్లోనే మార్పుకు అవకాశం ఇస్తాయి, అప్పటిదాకా ఆగాల్సి వస్తే ఆగండి, ఆ నెలల వడ్డీనీ లెక్కలో కలపండి. మిగిలే 5,000ను షరీఅత్ ప్రకారం వడపోసిన మ్యూచువల్ ఫండ్లలో పెట్టుకోవచ్చు. టాటా ఎథికల్ ఫండ్ లాంటివి మన దేశంలో చాలా ఏళ్లుగా ఉన్నాయి. అవి షేర్లు కాబట్టి నష్టమూ రావొచ్చు, పీఎఫ్ భద్రత అక్కడ ఉండదు, తెలిసే పెట్టండి. దగ్గర్లోనే ఖర్చు ఉందనుకుంటే బంగారం కొని పెట్టుకోండి.

ఇక మీరు చివర్లో రాసిన మాట. మీ నాన్నగారు రిటైరయ్యాక వచ్చిన పీఎఫ్‌తో ఇల్లు కట్టారనీ, ఆ ఇంట్లో మీ నమాజులు చెల్లుతాయా అని నిద్ర పట్టడం లేదనీ రాశారు. ఆయన కాలంలో ఆయన జీతంలో కోసింది ఆయన్ని అడిగి కోసింది కాదు. తీసుకునే ముందు ముఫ్తీ సాబ్‌ను అడిగారు, ఆయన చెప్పిన మాట మీద తీసుకున్నారు. నిశ్చింతగా ఆ ఇంట్లో నమాజు చేసుకోండి. ఈ సంగతి మాత్రం మీ నాన్నగారి ముందు ఎత్తకండి.